నేపియర్ కింద పసుపు పడితే యూరియా చల్లే ముందు వెలుతురు చూడండి

సమస్య: పైన ముదురు పచ్చగా ఉంది, కింది ఆకులు పండుబారి ఎండుతున్నయి

వర్ధన్నపేట, పర్వతగిరి వైపు పాడి చేసేటోళ్లు సూపర్ నేపియర్, సీవో-4 అనే నేపియర్ పశుగ్రాసం రకాలు మస్తు వేస్తున్నరు. చేను మనిషెత్తు దాటినంక లోపలికి పోయి చూస్తే కింది ఆకులన్నీ పసుపు, ఇగ వెంటనే నత్రజని తక్కువైందని యూరియా తెచ్చి చల్లుతరు, కానీ చానాసార్లు అక్కడ తక్కువైంది వెలుతురు.

ఎందుకంటే పై ఆకులే వెలుతురంతా పట్టుకుంటయి. కింద నీడల పడ్డ ఆకుతోని మొక్కకు లాభం ఉండదు, అందుకని ఆ ఆకుల ఉన్న నత్రజనిని తీసి ఎండ తగిలే లేత ఆకులకు పంపుతది, కింది ఆకు పసుపైతది, రాలుతది. మీరు యూరియా వేసినా అది పైకే పోతది, చేను ఇంకా గుబురై కింద చీకటి ఇంకా పెరుగుతది.

తేడా పట్టాలంటే గట్టు పక్క వరుస చూడండి, దానికి పక్క నుంచి వెలుతురు వస్తది కదా. అక్కడ కింది ఆకులు పచ్చగా ఉండి లోపల మాత్రమే పసుపుంటే అది నీడ పనే. గట్టు వరుసల కూడా ముదురాకు కొన నుంచి నడిమి ఈనె వెంట వీ ఆకారంల పసుపెక్కి, చేనంతా లేతగా కనబడితే అప్పుడు నిజంగనే నత్రజని లోపం, చెలక నేలల్ల ఇది ఎక్కువ. లేత ఆకులే ముందు పసుపైతే ఈ రెండూ కాదు, ఇనుమో గంధకమో చూడాలె.

పరిష్కారం కోతనే. మొదటి కోత 70-75 రోజులకు, తర్వాత 40-45 రోజులకోసారి, నేల నుంచి నాలుగైదు అంగుళాలు వదిలి కొయ్యండి. కోసినంక తడి ఇచ్చి అప్పుడు యూరియా వెయ్యండి, వెలుతురు మొదలు దాకా పడుతుంటది కాబట్టి కొత్త పిలకలు దాన్ని మంచిగ వాడుకుంటయి.

సమస్య: గడ్డి బండెడు వస్తుంది, పాలు తగ్గినయి

కోత లేటైతే కాండం పెరుగుతది, కాండంల నత్రజని తక్కువ, కింది ఆకులు ఎట్లాగూ పోయినయి. నత్రజని శాతాన్ని 6.25తోని గుణిస్తే ముడి మాంసకృత్తులు, అంటే ఎండు గడ్డిల 1 శాతం నత్రజని ఉంటే 6.25 శాతమే, ఇవి 7 శాతం కంటే దిగితే బర్రె పొట్టల సూక్ష్మజీవులకే చాలదు, గడ్డి సరిగ అరగదు. బరువు చూసి మురవకండి, ఆకు ఎంతుందో చూడండి.

సమస్య: మామిడి తోటల వేసిన గడ్డి నల్లగ నిగనిగలాడుతుంది, దిగుబడి లేదు

జగిత్యాల దిక్కు తోటల్ల ఇది మామూలే. నీడల గడ్డికి నత్రజని శాతం తగ్గదు, ఒక్కోసారి ఎక్కువే ఉంటది, పెరుగుదలే ఉండదు. ఇక్కడ యూరియా దంచితే ప్రమాదం, ఎందుకంటే యూరియా నుంచి వచ్చి వేరు పీల్చిన నైట్రేటును మాంసకృత్తులుగ మార్చాలంటే ఎండ కావాలె, ఎండ లేకపోతే అది కాండం అడుగున పేరుకపోతది, తిన్న పశువుకు విషమైతది. వానకాలం ముసురు పట్టిన రోజుల్ల కూడా అంతే. నీడల యూరియా తగ్గించండి, నీడకు ఓర్చే గినీ గడ్డి వేసుకోండి, ముసురుల కొయ్యక తప్పదంటే ఇంకొంచెం ఎత్తుల కొయ్యండి, ఎండుగడ్డి కలిపి వెయ్యండి. పశువు రొప్పుతూ తూలుతూ ఉంటే, రక్తం చాక్లెట్ రంగుల కనబడితే ఆ గడ్డి ఆపేసి వెంటనే పశువుల డాక్టర్‌ను పిలవండి.

సమస్య: జొన్నల వేసిన అలసంద సన్నగిల్లింది

పీకి గాలిల నత్రజనిని పట్టే వేరు బుడిపె కోసి చూడండి, లోపల గులాబీ రంగుంటే పని చేస్తున్నట్టు. తెల్లగా, చిన్నగ ఉంటే జొన్న నీడకు ఆకుల చక్కెర తయారుకాక బుడిపెలకు అందుతలేదు. ఈసారి రెండు సాళ్లు జొన్న, ఒక సాలు అలసంద పెట్టి, జొన్న సగం పూతకు వచ్చినంక రెండూ కలిపి కొయ్యండి, లేత జొన్నల విషం ఉంటది కాబట్టి అంతకుముందు కొయ్యకండి.