నవధాన్యాల నవగ్రహ ప్రింట్: లినో అచ్చు ఎలా చెక్కాలి?

శాంతి పూజల్లో ఒక్కో గ్రహం దగ్గర ఒక్కో ధాన్యం పోస్తారు కదా. ఆ తొమ్మిదింటినీ తొమ్మిది గళ్ళలో చెక్కి అచ్చు వేస్తే గోడకి మంచి బొమ్మ అవుతుంది. నేను చాలా ఏళ్ళుగా వేస్తున్నాను. ఈమధ్య చాలామంది వేస్తున్నారు, సంతోషమే. కానీ వాటిలో గ్రహాలు దిక్కులు మారి కనిపిస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

కావలసినవి: 27 సెంటీమీటర్ల చదరపు లినోలియం (చెక్కి అచ్చు వేసే మెత్తటి షీటు, దీన్నే లినో అంటారు) ముక్క, ఒక వి గౌజ్, ఒక యు గౌజ్ (ఆ అక్షరాల ఆకారపు మొన ఉన్న చెక్కే ఉలులు), రోలర్, నల్ల ఇంక్, 6బి పెన్సిల్, ట్రేసింగ్ పేపర్, చెక్క గరిటె, చేతి తయారీ కాగితం. రంగుల జోలికి పోవద్దు. చంద్రుడికి, శుక్రుడికి తెలుపు అంటారు, తెల్ల కాగితం మీద అది ఎలాగూ కనిపించదు. నలుపు ఒక్కటే వాడాలి.

గళ్ళు

ట్రేసింగ్ పేపర్ మీద 9 సెంటీమీటర్ల గళ్ళు తొమ్మిది గీయండి. తూర్పు పైన ఉండాలి. మ్యాపులో లాగా ఉత్తరం పైన పెట్టొద్దు. పూజలో తూర్పుకి తిరిగి కూర్చుంటాం, మన ఎదురుగా ఉండేది తూర్పే.

పై వరుసలో ఎడమ నుంచి బుధుడు (పెసలు), శుక్రుడు (బొబ్బర్లు), చంద్రుడు (వడ్లు). మధ్య వరుసలో గురువు (శనగలు), సూర్యుడు (గోధుమలు), కుజుడు (కందులు). కింద కేతువు (ఉలవలు), శని (నువ్వులు), రాహువు (మినుములు).

గింజలు మాత్రం గీయొద్దు. నలుపులో కందులు, పెసలు, మినుములు అన్నీ ఒకేలా ఉంటాయి. కాయ, ఆకు గీయాలి. కందికాయకి గింజకీ గింజకీ మధ్య ఏటవాలుగా నొక్కు ఉంటుంది. శనగకాయ పొట్టిగా బుడగలా ఉబ్బి ఉంటుంది. మినుము కాయ మీద నూగు ఉంటుంది, సన్న గీతలతో అది చూపించాలి. గోధుమ కంకి నిటారుగా ముళ్ళతో నిలబడుతుంది, వరి వెన్ను బరువుకి వంగుతుంది. ఒకసారి చేలోకి వెళ్ళి చూసి గీస్తే ఆ తేడా చేతికి అలవాటవుతుంది.

రాహుకేతువులకి నేను ఇంకొకటి చేస్తాను. అమృతం తాగుతున్న స్వర్భానుడి తలని విష్ణువు చక్రంతో నరికితే తల రాహువు, మొండెం కేతువు అయ్యాయి. అందుకని రాహువు గడిలో మినుము మొక్క పైభాగమే గీస్తాను. కేతువు గడిలో ఉలవ తీగకి కొన ఉండదు.

తిరగేయడం

తప్పు జరిగేది ఇక్కడే. అచ్చు వేస్తే కుడి ఎడమవుతుంది. బొమ్మని ఉన్నదున్నట్టు లినో మీదకి ఎక్కించి చెక్కితే ప్రింట్‌లో శుక్రుడు, సూర్యుడు, శని ఉన్నచోటే ఉంటారు. పైనుంచి కిందికి వాళ్ళ ముగ్గురిదీ మధ్య వరుస కాబట్టి. అందుకే చూడగానే తప్పు తెలియదు. మిగతా ఆరుగురూ మారిపోతారు. ఉత్తరంలో ఉండాల్సిన గురువు దక్షిణానికి వస్తాడు, ఈశాన్యంలోకి చంద్రుడు వస్తాడు, తల చోటికి మొండెం వస్తుంది. పెడన అద్దకం అచ్చుల్లో పూలతీగ అటుదిటు అయినా అందం తగ్గదు. ఇక్కడ అలా కాదు, దిక్కు తప్పితే బొమ్మకి అర్థమే లేదు.

కార్బన్ పేపర్ వాడొద్దు, అది బొమ్మని తిరగేయదు. ట్రేసింగ్ పేపర్ మీద 6బి పెన్సిల్‌తో ఒత్తి గీసి, గీసిన వైపు లినో మీద బోర్లించి, వెనకనుంచి గరిటెతో రుద్దండి. పెన్సిల్ పొడి తిరగబడి అంటుకుంటుంది. జిరాక్స్ షాపులో ముందే బొమ్మని తిప్పించుకుని, ఇంటికొచ్చి మళ్ళీ బోర్లిస్తే రెండుసార్లు తిరిగి మొదటికొస్తుంది. ఈ తప్పు కూడా చాలామంది చేస్తున్నారు. తిప్పడం ఒక్కసారే.

గౌజ్ పట్టుకునే ముందు రెండు పరీక్షలు చెయ్యండి. ట్రేసింగ్ మీద ఎడమ అంచున ‘ఉత్తరం’ అని రాసి ఉంచుకుంటే, లినో మీద అది కుడి అంచున తిరగబడి కనిపించాలి, అద్దంలో చూస్తే చక్కగా చదవగలగాలి. రెండోది, వంటింట్లోంచి తొమ్మిది ధాన్యాలూ తెచ్చి చిటికెడు చొప్పున లినో గళ్ళలో బొమ్మని బట్టి పెట్టండి. తూర్పు పైకి ఉంచినప్పుడు పెసలు కుడి పైమూలకి రావాలి. ఎడమ మూలకి వచ్చాయంటే తుడిచేసి మళ్ళీ ఎక్కించాలి. చెక్కాక దిద్దుకోవడం ఉండదు.

చెక్కడం, అచ్చు వేయడం

లినోని పది నిమిషాలు ఎండలో పెడితే మెత్తబడుతుంది. గీతలు మిగిల్చి చుట్టూ తవ్వండి, రెండో చెయ్యి ఎప్పుడూ గౌజ్ వెనకే ఉండాలి. ఇంక్ పల్చగా రాయండి. రోలర్ దొర్లుతుంటే సన్నగా చిటచిటమని వినిపిస్తే చాలు, పచ్‌పచ్‌మని చప్పుడైతే ఎక్కువైనట్టు. కాగితం పరిచి గరిటె వెనకవైపుతో మధ్యనుంచి అంచులకి రుద్దండి. ఒక మూల పట్టుకుని మెల్లగా లేపండి. ఎడమ పైమూలలో పెసరకాయ కనిపించాలి. కనిపిస్తే క్లిప్పు పెట్టి నీడన ఆరేయండి, ఆయిల్ ఇంక్ అయితే చాలా రోజులు అలాగే ఉండనివ్వాలి.