ఫీజు కట్టే ముందు జావా గిరాకీని లెక్కగట్టడం ఎలా?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో నడిస్తే, ఏ ప్రోగ్రామింగ్ భాషకు గిరాకీ ఉందో అక్కడి ఫ్లెక్సీలే చెబుతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి అవి చెప్పేది ఏ కోర్సు బాగా అమ్ముడవుతోందన్న సంగతి మాత్రమే. ఏ ఉద్యోగాలు ఉన్నాయో తెలియాలంటే కంపెనీల ప్రకటనలను మనమే చదివి లెక్కపెట్టుకోవాలి; అందుకు ఒక ఆదివారం, ఒక నోటుబుక్కు చాలు. హైదరాబాద్‌లో జావా ఉద్యోగాలను ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

భాషల ర్యాంకుల జాబితాలతో మొదలుపెట్టకపోవడం మంచిది. టయోబీ సూచీ సెర్చ్ ఇంజన్లలో ఒక భాష పేరుకు వచ్చే ఫలితాల ఆధారంగా తయారవుతుందే తప్ప, ఖాళీలను లెక్కించదు. ప్రోగ్రామర్లు ప్రశ్నలు, జవాబులు పంచుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో వెబ్‌సైట్ వార్షిక సర్వేలో రస్ట్ భాష 2016 నుంచి ఏళ్ల తరబడి ప్రోగ్రామర్ల అభిమానంలో మొదటి స్థానంలో నిలిచింది. అయినా ఫ్రెషర్లకు రస్ట్ ఉద్యోగాలు వెతికి పట్టుకోవాల్సినంత అరుదు.

నౌకరీ, లింక్‌డ్‌ఇన్ వంటి ఉద్యోగ ప్రకటనల వెబ్‌సైట్లలో వెతికేటప్పుడు ఊరు, అనుభవం, ప్రకటన వచ్చిన తేదీ అనే మూడు వడపోతలనూ తప్పక పెట్టుకోవాలి. 'జావా' అని వెతికితే జావాస్క్రిప్ట్ అనే వేరే భాష ఉద్యోగాలు కూడా కలిసిపోవచ్చు కాబట్టి, తెర మీద కనిపించే మొత్తం సంఖ్యను ఉన్నదున్నట్టు రాసుకోకూడదు. గో, సి, ఆర్ వంటి పొట్టి పేర్లున్న భాషలతో ఈ చిక్కు మరీ ఎక్కువ. గో బదులు 'గోలాంగ్' అని వెతకడం మేలు. ఒకే ఖాళీని నాలుగైదు కన్సల్టెన్సీలు వేర్వేరు మాటల్లో ప్రకటించడం కూడా మామూలే. క్లయింట్ పేరు దాచినా, జీతం, అనుభవం, నైపుణ్యాల వరుస ఒకేలా ఉంటే వాటిని ఒక్కటిగానే లెక్కించండి.

ఇలా ఏరిన తర్వాత మిగిలినవాటిలో యాభై ప్రకటనలను పూర్తిగా చదవాలి. అసలు పని ఇదే. చాలామంది విసుగుతో వదిలేసేదీ ఇదే. నోటుబుక్కులో గళ్లు గీసి, జావా పక్కన ఇంకేమి అడిగారో ఒక్కొక్కదానికి ఒక్కో గీత పెట్టుకుంటూ పోండి: స్ప్రింగ్ బూట్ (జావాతో అప్లికేషన్లు తయారు చేయడానికి సిద్ధంగా దొరికే చట్రం, అంటే ఫ్రేమ్‌వర్క్), మైక్రోసర్వీసులు, ఎస్‌క్యూఎల్, కాఫ్కా, ఏడబ్ల్యూఎస్, జేయూనిట్ వంటి, జావాతో కలిపి వాడే టూల్స్, టెక్నాలజీలు. ముప్పై ప్రకటనలు దాటేసరికి, ఒట్టి జావాను అడిగేవారు ఎంత తక్కువో మీకే అర్థమవుతుంది. ఏ వెర్షన్ అడిగారో కూడా విడిగా రాసుకోండి. జావా 8 వచ్చింది 2014లో, 17 వచ్చింది 2021లో, 21 వచ్చింది 2023లో. 2022 నవంబరులో విడుదలైన స్ప్రింగ్ బూట్ 3కు కనీసం జావా 17 ఉండాలి కాబట్టి, దాన్ని అడిగే ప్రకటనలో వెర్షన్ ప్రస్తావన లేకపోయినా సంగతి తెలిసిపోతుంది. ఆ పట్టికను పట్టుకెళ్లి, మీరు చేరదలచిన ఇన్‌స్టిట్యూట్ సిలబస్ పక్కన పెట్టి చూడండి. 2013లోనే మద్దతు ఆగిపోయిన స్ట్రట్స్ 1 అనే పాత జావా ఫ్రేమ్‌వర్క్ ఇంకా పాఠంగా ఉండి, స్ప్రింగ్ బూట్‌కు చివరి రెండు రోజులే కేటాయించి ఉంటే, ఆ ఫీజు దేనికి కడుతున్నారో ఆలోచించుకోవాలి.

గిరాకీ ఎంత ఉన్నా, పోటీకి వచ్చేవారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చాలా ప్రకటనల పక్కన ఎంతమంది దరఖాస్తు చేశారో కనిపిస్తుంది. ఫ్రెషర్ ప్రకటనకూ, మూడు నుంచి ఐదేళ్ల అనుభవం అడిగే ప్రకటనకూ ఈ సంఖ్యలను పోల్చి చూస్తే, కష్టమంతా మొదటి మెట్టు దగ్గరే ఉందని తెలుస్తుంది. దీన్ని చూసి, 1959లో రూపుదిద్దుకోవడం మొదలైన కోబాల్ భాషలో పోటీ తక్కువ కదా అని అటు మళ్లేవారు ఒక విషయం గమనించాలి: ఆ ప్రకటనల్లో ఎక్కువ భాగం మెయిన్‌ఫ్రేములనే భారీ కంప్యూటర్ల మీద పనిచేసిన అనుభవాన్ని అడుగుతాయి. అనుభవం లేకపోతే నకిలీ అనుభవ పత్రం ఇప్పిస్తామనే దళారులు తారసపడతారు గాని, ఉద్యోగి వివరాలను పీఎఫ్ ఖాతాతో సరిచూసే కంపెనీల దగ్గర ఆ పత్రం మెడకు చుట్టుకుంటుంది.

పెద్ద సర్వీసు కంపెనీలు కళాశాలల నుంచి నేరుగా తీసుకునే ఉద్యోగాలకు ఈ లెక్క అంతగా వర్తించదు. అక్కడ రాత పరీక్షలో తర్కం, గణితం, ఇంగ్లిష్‌తో పాటు, అనుమతించిన కొన్ని భాషల్లో నచ్చినదానితో కోడ్ రాయించడం పరిపాటి. ఏ భాషలో పని చేయాలన్నది శిక్షణలోనో, ప్రాజెక్టు దొరికినప్పుడో తేలుతుంది.

చివరగా, గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో పనిచేస్తున్న మీ సీనియర్లు ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. "అన్నా, జావాకు డిమాండ్ ఉందా?" అని అడిగితే ఉందనో లేదనో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈమధ్య ఇంటర్వ్యూలో తమను ఏమడిగారో, తమ టీములోకి కడపటిసారి ఫ్రెషర్‌ను ఎప్పుడు తీసుకున్నారో అడగండి. నెల తర్వాత అవే వడపోతలతో మళ్లీ వెతికి, మొదటి పట్టికలోని ప్రకటనల్లో ఎన్ని అలాగే వేలాడుతున్నాయో చూసిన తర్వాతే ఫీజు సంగతి మాట్లాడండి.