అర్ధరాత్రి ఫ్రిజ్ ఆగిపోతోందా? బ్యాటరీ మార్చేముందు ఎర్త్ బోల్ట్ విప్పి చూడండి

సమస్య ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. క్యాంపింగ్ ట్రైలర్‌లో 12 వోల్టుల ఫ్రిజ్ పగలంతా చక్కగా నడుస్తుంది. సాయంత్రం తలకోన చేరేసరికి కూడా పాలు, పెరుగు చల్లగానే ఉంటాయి. రాత్రి ఒంటిగంటో రెండో అయ్యేసరికి ఫ్రిజ్ ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ మొదలవుతుంది, నిమిషం తిరక్కుండానే మళ్లీ ఆగుతుంది. తెల్లారి సోలార్ ప్యానెల్ మీద ఎండ పడగానే ఏమీ జరగనట్టు నడుస్తుంది.

ఇక్కడే చాలామంది కొత్త బ్యాటరీ కొనేస్తారు. దాంతోనూ తగ్గకపోతే ఫ్రిజ్‌నే షాపుకు తీసుకెళ్తారు. షాపులో టేబుల్ మీద పెడితే అది నిక్షేపంగా పనిచేస్తుంది. దయచేసి పైసా ఖర్చు పెట్టకముందు ఒక్క కొలత తీయండి: కంప్రెసర్ తిరుగుతూ ఉండగా, ఫ్రిజ్ ప్లగ్ దగ్గర వోల్టేజి ఎంత ఉంది? బ్యాటరీ దగ్గర 12.6 చూసి సరిపెట్టుకోవద్దు. రెండు చోట్లా ఒకే సమయంలో చూడాలి. తేడా 0.3 వోల్టులు దాటితే బ్యాటరీ తప్పేమీ లేదు, దారిలో ఎక్కడో వోల్టేజి పోతోంది.

ముందు తేలిగ్గా కనబడేవి చూసేయండి. సిగరెట్ సాకెట్‌లో పెట్టిన ప్లగ్ గతుకుల రోడ్డుకు వదులవుతుంది. దాన్ని తీసేసి 50 ఆంపియర్ల యాండర్సన్ కనెక్టర్ (గట్టిగా పట్టి ఉండే ప్లగ్) వేయండి. ఫ్యూజ్ హోల్డర్ కాళ్లు కమిలి ఉంటే మార్చండి. వైరు సన్నగా ఉందేమో కూడా చూడండి. 1.5 స్క్వేర్ ఎంఎం వైరు ఆరు మీటర్లు వెళ్లి ఆరు మీటర్లు తిరిగొస్తే, 5 ఆంపియర్ల దగ్గరే 0.7 వోల్టులు తినేస్తుంది. అదే దూరానికి 6 స్క్వేర్ వేస్తే 0.2 లోపే.

ఇవన్నీ బాగున్నా రాత్రికి ఫ్రిజ్ ఆగుతోందంటే ఛాసిస్ ఎర్త్‌ను, అంటే కరెంటు ట్రైలర్ ఇనుప చట్రం గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగెళ్లే దారిని, పట్టుకోండి. మనుషుల్ని ఏళ్ల తరబడి తిప్పలు పెట్టేది ఇదే.

ట్రైలర్ కట్టేటప్పుడు ఫ్యాబ్రికేషన్ షెడ్‌లో ఛాసిస్‌కు పౌడర్ కోటింగ్ వేస్తారు. తర్వాత వైరింగ్ చేసేవాళ్లు నెగటివ్ వైరు కొనకు లగ్ (బోల్ట్ దూరే లోహపు రింగు) కొట్టి, కోటింగ్ మీదే బోల్ట్ బిగిస్తారు. లగ్ ఇనుమును తాకదు. కరెంటంతా బోల్ట్ మరల గుండా సన్నగా పోతుంది. కొత్తలో అది చాలు. నాలుగు ట్రిప్పులు మట్టిరోడ్లలో అదిరి, ఒక వానాకాలం తడిశాక మరల్లో తుప్పు చేరుతుంది. అప్పుడు ఆ ఒక్క బోల్ట్ దగ్గర 0.2 ఓమ్‌లు నిలబడతాయి.

అంతేనా అనిపిస్తుంది, కానీ లెక్క చూడండి. ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగుతుంటే అక్కడ 1 వోల్టు పోతుంది. కంప్రెసర్ మొదలయ్యే క్షణాన 10 ఆంపియర్లు లాగితే 2 వోల్టులు. సాయంత్రం లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.7 దగ్గర ఉంటే ఫ్రిజ్‌కు 10.7 అందుతుంది, నడుస్తుంది. అర్ధరాత్రికి బ్యాటరీ సగానికి, అంటే 12.2కి దిగితే అందేది 10.2. చాలా కంప్రెసర్లు 10.4 దగ్గర తమను తాము ఆపేసుకుంటాయి. ఆగగానే లోడ్ పోతుంది, వోల్టేజి మళ్లీ 12 పైకి లేస్తుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ పడిపోతుంది. పగలు సోలార్ 13.5 పైన ఇస్తుంది కాబట్టి ఆ 2 వోల్టులు పోయినా ఎవరికీ తెలియదు. లోపం అదే బోల్ట్ దగ్గర పగలూ రాత్రీ ఉంటుంది, బయటపడేది మాత్రం రాత్రే.

ఫ్రిజ్ ఆఫ్‌లో ఉండగా మల్టీమీటరు పెడితే అన్నీ బాగున్నట్టే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు శూన్యం. లోడ్ మీదే, అంటే కరెంటు లాగుతుండగానే కొలవాలి. కంప్రెసర్ తిరగడానికి మొరాయిస్తే ఫ్రిజ్ ప్లగ్ కొనల్లో 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు కలపండి, అదీ దాదాపు అంతే లాగుతుంది.

మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోస్టుకే తగలాలి, దానికున్న క్లాంపుకు కాదు. రెండోది ఫ్రిజ్ నెగటివ్ పిన్నుకు. 0.1 లోపు రావాలి. 0.5, 0.8 అని వస్తే పోస్టు దగ్గరి ప్రోబ్ కదపకుండా రెండోదాన్ని ఒక్కో చోటికీ జరపండి: ముందు క్లాంపు, తర్వాత బ్యాటరీ వైపు ఎర్త్ లగ్, ఆ తర్వాత బోల్ట్ పక్కనే కోటింగ్ గీకిన ఇనుము, చివరకు ఫ్రిజ్ వైపు లగ్. లగ్ మీద 0.05, పక్కన అంగుళం దూరంలో ఇనుము మీద 0.9 కనబడిందంటే దొంగ దొరికినట్టే. ఫ్రిజ్ అరగంట నడిచాక ఆ బోల్ట్ తల మీద వేలు పెడితే వెచ్చగా కూడా ఉంటుంది.

బాగు చేయడానికి బోల్ట్‌ను ఇంకో చుట్టు బిగిస్తే సరిపోదు. విప్పేయండి. రూపాయి బిళ్లంత మేర కోటింగును తెల్లటి ఇనుము కనబడేదాకా గ్రైండర్‌తో తీయండి. తగరం పూసిన రాగి లగ్‌ను హెక్స్ క్రింపర్‌తో నొక్కండి, పట్టకారుతో నలపొద్దు. లగ్‌కూ ఇనుముకూ మధ్య పళ్ల వాషర్ వేసి, 8 ఎంఎం బోల్ట్, నైలాక్ నట్‌తో బిగించండి. పెయింటు, గ్రీజు బిగించిన తర్వాత పైన పూయాలి, ముందే లోపల కాదు. అంతకన్నా మంచి పని, ఫ్రిజ్‌కు ఛాసిస్‌ను నమ్ముకోకుండా బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా 6 స్క్వేర్ నల్ల వైరు లాగడం.

కుడి ఇండికేటర్ వేస్తే ట్రైలర్ టెయిల్ ల్యాంప్ కూడా మినుకుమంటోందా? అదీ ఎర్త్ జబ్బే, ఈసారి బండికీ ట్రైలర్‌కూ మధ్య ఉండే ఏడు పిన్నుల ప్లగ్‌లో. కరెంటు ట్రైలర్‌ను తగిలించే హిచ్ బాల్ గుండా తిరిగి వెళ్తోంది. ఎర్త్ సాధారణంగా 3వ పిన్ను, తెల్ల వైరు. మన దగ్గర ఏ రంగు దొరికితే అది వేస్తారు కాబట్టి మీటరుతో చూసే నమ్మండి.

చిత్తూరు నుంచి మూడు గంటలు నడిపినా ట్రైలర్ బ్యాటరీ నిండకపోతే అది వేరే కథ. ఏడు పిన్నుల ప్లగ్‌లోంచి వచ్చే సన్న వైరు, కొత్త బండ్లలో వోల్టేజి తగ్గించేసే ఆల్టర్నేటర్, రెండూ కారణాలే. 16 స్క్వేర్ వైరు, రెండు బ్యాటరీల దగ్గరా ఫ్యూజ్, ట్రైలర్‌లో 20 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ (తగ్గిన వోల్టేజిని పెంచి బ్యాటరీకి ఇచ్చేది) వేయాల్సిందే. మధ్యేమార్గం లేదు.

థర్మోస్టాట్, కంప్రెసర్, సోలార్ కంట్రోలర్ పాడవడం చాలా అరుదు. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి. మే నెల ఎండలో గాలి ఆడని పెట్టెలో ఫ్రిజ్ బిగిస్తే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, వెనక జాలీ పెడితే చాలు.

ఎర్త్ సరిచేశాక భాకరాపేట ఘాట్ ఒకసారి ఎక్కి దిగి, లోడ్ మీద అదే కొలత మళ్లీ తీయండి. 0.1 దాటితే వాషర్ కింద ఇంకా కోటింగ్ మిగిలి ఉంది.