మాన్యువలా, ప్యాడిల్ షిఫ్టా?

స్పోర్ట్స్ కారు కొనేటప్పుడు చాలామంది చూపు ముందు 0-100 అంకె మీదే, అంటే గంటకు 100 కి.మీ. వేగం అందుకోవడానికి పట్టే సెకన్ల మీదే పడుతుంది. అక్కడ స్టీరింగ్ వెనకుండే మీటలతో గేర్లు మార్చే ప్యాడిల్ షిఫ్ట్‌దే గెలుపు. 992 తరం పోర్షే 911 జీటీ3కి కంపెనీ చెప్పే లెక్క పీడీకేతో (ప్యాడిల్స్ ఉండే, రెండు క్లచ్‌ల పోర్షే ఆటోమేటిక్ గేర్‌బాక్స్) 3.4 సెకన్లు, 6 గేర్ల మాన్యువల్‌తో 3.9. అయినా 2013లో పీడీకేతో మాత్రమే వచ్చిన జీటీ3కి 2017లో మాన్యువల్ మళ్లీ ఇచ్చారు. అర సెకను పోతే పోయిందనేవాళ్లు అంతమంది ఉన్నారు మరి!

టెస్ట్ డ్రైవ్ ఖాళీ రోడ్డు మీద వద్దు. మీరు రోజూ వెళ్లే దారిలో, సాయంత్రం ట్రాఫిక్‌లో అడగండి. అరగంట తర్వాత కూడా క్లచ్ తొక్కడం విసుగనిపించకపోతే, నా ఓటు మాన్యువల్‌కే. ట్రాక్ డేలే (రేస్ ట్రాక్ మీద సొంత కారు నడిపే రోజులు) మీ లక్ష్యమైతే ప్యాడిల్స్ తీసుకోండి, చేతులు స్టీరింగ్ వదలక్కర్లేదు. కొన్ని కార్లలో అవి స్టీరింగ్‌తో పాటు తిరగవు, మలుపులో వేళ్లకి అందుతున్నాయో లేదో చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకో సంగతి. 1997లో ఫెరారీ 355కి వచ్చిన ఎఫ్1 గేర్‌బాక్స్ లాంటి పాత ప్యాడిల్ షిఫ్ట్‌లలో ఉండేది ఒకటే క్లచ్, దాన్ని హైడ్రాలిక్స్ నడిపిస్తాయి. అదెంత అరిగిందో చెక్ చేయించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.