ఏసీ ముసలిదైందని మార్చేముందు మేడెక్కి దాని వెనుక చూడండి

ఏప్రిల్ రెండో వారం వచ్చిందంటే హనుమకొండలో నా ఫోన్‌కు ఒకటే ప్రశ్న: "అన్నా, మాది పదేండ్ల ఏసీ. కూలింగ్ వస్తలేదు. మార్చెయ్యమంటవా?" నేను తిరిగి ఒకటే అడుగుతాను: "అవుట్‌డోర్ దగ్గరికి పోయి చూసినవా?" దాదాపు అందరిదీ ఒకటే జవాబు, లేదని. ఫిల్టర్ కడిగి ఉంటారు, రిమోట్‌లో సెల్లులు మార్చి ఉంటారు, రెండువేలో మూడువేలో పెట్టి గ్యాస్ కూడా కొట్టించి ఉంటారు. మేడ మీద ఎండలో మగ్గే ఆ డబ్బా వైపు మాత్రం తొంగి చూడరు. ఏసీ ఉంచాలా తీసెయ్యాలా అన్నది గదిలో కూర్చుంటే తేలదు.

ఫిల్టర్ కడగడం, మోడ్ కూల్‌లో ఉందో లేదో చూడటం మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఇంకొక్క కొలత తీసుకోండి. ఏసీ నడిచిన పావుగంట తర్వాత, పైనుంచి లోపలికి పోయే గాలి దగ్గర ఒకసారి, కింద బయటికొచ్చే గాలి దగ్గర ఒకసారి థర్మామీటర్ పెట్టండి. తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే మీ ఏసీ తన పని తాను చేస్తోంది. గది చల్లబడకపోవడానికి కారణం పైకప్పు వేడో, పడమటి గోడో, సందులున్న కిటికీయో. కొత్త ఏసీ పెట్టినా ఆ గది అంతే.

ఇంకోమాట. ఏసీ మీద రాసిన టన్ను బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచిన లెక్క. మన దగ్గర మే నెలలో 44 దాటుతుంది, రామగుండం వైపు ఇంకా ఎక్కువ. అంత వేడిలో ఏ ఏసీ అయినా స్టిక్కర్ మీద ఉన్నంత చల్లదనం ఇవ్వలేదు. మధ్యాహ్నం మూడింటికి 18లో పెట్టి గది 26 దగ్గర ఆగిందని ఏసీని ముసలిది అనకండి.

సమస్య: రాత్రి, పొద్దున బాగానే చల్లబడుతుంది. మధ్యాహ్నం మాత్రం గాలి ఉత్తగా వస్తుంది, లేదా కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది

నన్ను దెబ్బతీసింది ఇదే. అందుకే వివరంగా చెబుతాను.

2019 మేలో ఏనుమాముల మార్కెట్ రోడ్డులో ఒకరింటికి వెళ్లాను. 2012లో కొన్న ఒకటిన్నర టన్నుల ఏసీ. మధ్యాహ్నమైతే కంప్రెసర్ వేడెక్కి ఆగిపోతోంది, అరగంట చల్లారాక మళ్లీ నడుస్తోంది. అంతకుముందే ఇద్దరు వచ్చి గ్యాస్ కొట్టి పోయారు. నేనూ గ్యాస్ ప్రెషర్ చూసే గేజీ పెట్టి చూశాను, గ్యాస్ ఉంది. కరెంటు ఎంత లాగుతుందో కొలిచే టాంగ్ టెస్టర్ పెడితే 11 ఆంపియర్లు, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. అవుట్‌డోర్ ముందు వైపు జాలీ శుభ్రంగా కనబడింది, గోడ వైపు చూడలేదు. "కంప్రెసర్ వీకైంది అక్కా, ఇక మార్చుడే" అన్నాను. ఆమె నా మాట మీద అప్పు చేసి కొత్తది కొన్నది. పాతదాన్ని పరకాలలో ఉండే తన తమ్ముడికిచ్చింది.

నెల తిరక్కముందే దాన్ని అక్కడ బిగించడానికి నన్నే పిలిచారు. కింద పెట్టి వెనక్కి తిప్పితే నా నోట మాట రాలేదు. వెనుక కాయిల్, అంటే వేడిని బయటికి వదిలే గొట్టాల వరుస, అంతా బూడిదరంగు దుప్పటి కప్పినట్టుంది. దూది పీచు, దాని మీద మట్టి, దాని మీద మళ్లీ దూది. గోటితో గీకితే పాత పరుపులోంచి పత్తి ఊడినట్టు పొరగా లేచింది. దాన్నంతా తీసి కడిగి, గ్యాస్ పూర్తిగా తీసేసి, స్టిక్కర్ మీదున్న తూకం ప్రకారం మళ్లీ నింపి నడిపిస్తే 7.4 ఆంపియర్లు. చల్లగాలి దండిగా వచ్చింది. ఆమె అప్పటికి అప్పు కిస్తీలు కడుతూనే ఉంది.

ఇది ఎందుకు అందరి కన్నూ తప్పుతుందో చెబుతాను. అవుట్‌డోర్ ఫ్యాన్ గాలిని వెనుక నుంచి, పక్క నుంచి లాగి ముందు నుంచి వదులుతుంది. కాబట్టి చెత్త పట్టేది వెనుక. ఆ వెనుక భాగం గోడకు నాలుగైదు అంగుళాల దూరంలో ఉంటుంది. మనకు కనబడేది ముందు జాలీ, అది ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. సర్వీసుకొచ్చిన పిల్లలు కూడా ముందు నుంచే పైపుతో నీళ్లు కొట్టి, "అయిపోయింది సార్" అని దిగిపోతారు.

రెండో మాయ గేజీది. ఇళ్లలో ఉండే స్ప్లిట్ ఏసీల్లో చాలావాటికి గేజీ పెట్టే చోటు లావు పైపు దగ్గర ఒక్కటే ఉంటుంది. అక్కడ తెలిసేది తక్కువ ప్రెషర్ వైపు సంగతే. కాయిల్‌కు ఊపిరాడకపోతే ప్రెషర్ పెరిగేది రెండోదైన ఎక్కువ ప్రెషర్ వైపు, అది మనకు కనబడదు. చల్లదనం లేదంటే గ్యాస్ తక్కువేమోనని ఇంకాస్త కొడతారు. దాంతో ఆ ప్రెషర్ ఇంకా పెరుగుతుంది, కంప్రెసర్ ఇంకా వేడెక్కుతుంది. గ్యాస్ కొట్టించాక ఏసీ ఇంకా పాడైందని ఎవరైనా చెబితే నేను ముందు అనుమానించేది ఇదే.

మన వైపు ఇది ఎక్కువ. ఏనుమాముల చుట్టూ, జిన్నింగ్ మిల్లుల దగ్గర అక్టోబర్ నుంచి ఎండాకాలం దాకా గాలిలో పత్తి పీచు ఉంటుంది. గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ము. రైస్ మిల్లుల దగ్గర పొట్టు. కరీంనగర్‌లో గ్రానైట్ పొడి. వీటికి తోడు కోతుల బాధకని అవుట్‌డోర్ చుట్టూ సన్న జాలీ బిగించి, పైన రేకు కప్పుతున్నారు. ఆ జాలీకే చెత్త పట్టి, వదిలిన వేడిగాలి తిరిగి లోపలికే పోతుంది. కోతులకు జాలీ కావాలి, నిజమే. కానీ వేళ్లు దూరేంత కన్నాలున్నది పెట్టండి, ముందు వైపు గాలి సాఫీగా పోనివ్వండి.

చూసే పద్ధతి ఇది. ఎంసీబీ ఆపి పది నిమిషాలు ఆగండి. అవుట్‌డోర్ పై మూత స్క్రూలు విప్పి తియ్యండి. లోపల వైర్లు, కెపాసిటర్ (కంప్రెసర్ నడవడానికి ఊతమిచ్చే డబ్బీ) ముట్టుకోవద్దు, కరెంటు ఆపినా కెపాసిటర్‌లో షాక్ ఉండొచ్చు. ఫోన్ టార్చి లోపల పెట్టి, ఫిన్స్ (కాయిల్ మీది సన్న రేకులు) సందుల్లోంచి వెలుతురు గోడ మీద పడుతుందా చూడండి. వెలుతురు రాకపోతే ముచ్చట అక్కడే తేలిపోయింది. కాయిల్ రెండు వరుసలదైతే ఇంకా జాగ్రత్త: బయటి వరుస మెరుస్తూ ఉండి, రెంటి మధ్య చెత్త అట్టకట్టి ఉండొచ్చు.

కడగడం మెకానిక్‌తో చేయించండి, మీరు పక్కన నిలబడండి. పొడిగా ఉన్నప్పుడే మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి పీచు తీయాలి. ముందే నీళ్లు కొడితే అది బురదై లోపలికి దిగుతుంది. తర్వాత కరెంటు పెట్టెకు పాలిథిన్ కవర్ చుట్టి, లోపలి నుంచి బయటికి నీళ్లు కొట్టాలి. ప్రెషర్ మిషన్‌ను దగ్గరగా, వాలుగా పట్టుకుంటే ఫిన్స్ మడతపడతాయి, అప్పుడు మనమే దారి మూసినట్టు. కడిగాక ఆంపియర్లు మళ్లీ చూపించమనండి. అవుట్‌డోర్ స్టిక్కర్ మీద ఉన్న అంకెకు దగ్గరగా దిగితే మీ ఏసీకి ఇంకా వయసుంది.

సమస్య: అవుట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతుంది, కంప్రెసర్ ఊఁ అని మూలిగి ఆగిపోతుంది

కంప్రెసర్ పోయిందని ఎవరైనా అంటే ముందు కెపాసిటర్ మార్చి చూపించమనండి. కొన్ని వందల రూపాయల వస్తువు, మేడ మీది ఎండకు ఉబ్బి పోతుంది. మీటర్ పెడితే దాని మీద రాసినదానికన్నా పది శాతం మించి తగ్గినా మార్చాల్సిందే. వోల్టేజీ కూడా చూడండి. సాయంత్రం వీధంతా ఏసీలు వేసే వేళ 180కి పడిపోతే మంచి కంప్రెసర్ కూడా లేవదు.

సమస్య: ప్రతి ఎండాకాలం గ్యాస్ అయిపోతోంది

గ్యాస్ స్కూటర్‌లో పెట్రోలు కాదు, వాడితే అయిపోదు. అది మూసిన గొట్టాల్లో తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టే. పైపులు కలిపే ఫ్లేర్ నట్ల దగ్గరైతే గంట పని. నైట్రోజన్ నింపి, సబ్బు నురగ పెట్టి లీకు పట్టాలి, మూశాక వాక్యూమ్ చేసి (గొట్టాల్లోని గాలంతా లాగేసి) తూకం ప్రకారం నింపాలి. లోపలి కాయిల్‌లో సన్నసన్న చిల్లులు పడితే మాత్రం ఒకటి అతికిస్తే ఇంకోటి తేలుతుంది. అప్పుడు మార్చడం గురించి ఆలోచించండి. మీది ఆర్-22 అనే పాత రకం గ్యాస్ ఏసీ అయితే ఇంకా త్వరగా ఆలోచించండి. కొత్త ఏసీల తయారీలో దాని వాడకం 2024తో ఆగిపోయింది. అందులో కొత్త రకం ఆర్-32 గ్యాస్ కొడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ గ్యాస్ ప్రెషర్ ఒకటిన్నర రెట్లకు పైనే, ఆ కంప్రెసర్ దానికి చేసింది కాదు.

మిగతావి క్లుప్తంగా. ఇండోర్ నుంచి నీళ్లు కారడం డ్రెయిన్ పైపు సంగతి. పీసీబీ అనే సర్క్యూట్ బోర్డులో బల్లి దూరి కాలిపోతే బోర్డు బాగుచేసేవాళ్లున్నారు. క్యాపిలరీ అనే సన్న గొట్టం మూసుకుపోవడం నేను చాలా తక్కువగా చూశాను. కంప్రెసర్ నిజంగా వీకైతే ఆంపియర్లు తక్కువ ఉంటాయి, గేజీలో ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది. ఆంపియర్లూ ప్రెషరూ రెండూ తక్కువుంటే గ్యాస్ లీకు. ఆంపియర్లు ఎక్కువుంటే ముందు అనుమానించాల్సింది నేను పైన చెప్పిన ఊపిరాడని కాయిల్‌నే.

మరి ఎప్పుడు మార్చాలి?

గ్యారంటీ దాటాక కంప్రెసర్ పోయినప్పుడు, లోపలి కాయిల్ చిల్లులు పడ్డప్పుడు, బోర్డు ఎక్కడా దొరకనప్పుడు. కరెంటు మిగులుతుందనే ఒక్క కారణంతో మార్చేముందు లెక్క వేసుకోండి. పాత ఒకటిన్నర టన్నుల మామూలు ఏసీ సగటున గంటకు 1.4 యూనిట్లు, కొత్త ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ 0.7 తింటాయనుకుందాం. రాత్రి 8 గంటల చొప్పున 100 రోజులు వాడితే మిగిలేది 560 యూనిట్లు. మన కరెంటు సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్ బిల్లులో నెలకు 300 యూనిట్లు దాటాక యూనిట్ 9 రూపాయలు అనుకుందాం. అంటే ఏడాదికి 5 వేలు. 45 వేల ఏసీకి తొమ్మిదేళ్లు పడుతుంది. అదే ఇంట్లో పెద్దవాళ్లుండి రోజుకు 16 గంటలు నాలుగు నెలలు నడిస్తే 1,344 యూనిట్లు, 12 వేల పైచిలుకు మిగులుతాయి, నాలుగేళ్లలో డబ్బు తిరిగొస్తుంది. వాళ్లు మార్చుకోవచ్చు.

కొనేటప్పుడు స్టార్ ఏ ఏడాదిదో చూడండి. 2022 జులైలో లెక్క కఠినం చేశారు, అంతకుముందు ఫైవ్ స్టార్ అన్నవి చాలా ఫోర్ స్టార్‌కు దిగాయి. గోడలో ఉన్న పాత రాగి పైపులనే వాడతామంటే వద్దనండి, పాత నూనె కొత్త కంప్రెసర్‌కు పడదు. కొత్త అవుట్‌డోర్ బిగించే రోజు మేడ మీదే ఉండండి. గోడకూ దానికీ మధ్య జానెడు ఎడం వదిలించండి, మీ చెయ్యి బ్రష్ పట్టుకుని వెనక్కి దూరాలి.