చిన్న గ్రూపుల్లో పాఠం – 2: ఎంతమంది ఉంటే చిన్న గ్రూపు?

పోయిన పాఠంలో అరవై మంది సెక్షన్‌ను గ్రూపులుగా విడగొట్టమన్నాను. బెంగళూరు ఇంజనీరింగ్ కాలేజీల్లో కొత్తగా చేరిన మన తెలుగు లెక్చరర్లు వెంటనే అడిగేది ఒకటే: "ఒక్కో గ్రూపులో ఎంతమందండీ?"

ఐదు నుంచి ఎనిమిది మంది ఉంటే బాగుంటుంది. పన్నెండు దాటితే కొందరు చల్లగా వెనక్కి జారుకుంటారు. ఆక్స్‌ఫర్డ్ ట్యుటోరియల్‌లో ఇద్దరు ముగ్గురే ఉంటారు. మన టైమ్‌టేబుల్‌లో అది జరిగే పని కాదు, వదిలేద్దాం.

అయినా అంకెతో తేలేది కాదిది. ఆరుగురిని కూర్చోబెట్టుకుని నలభై నిమిషాలూ మీరే మాట్లాడితే అది లెక్చరే. న్యూబుల్, కానన్ అనే బోధనా నిపుణులు అసలైన చిన్న గ్రూపుకు మూడు గుర్తులు చెప్పారు: అందరూ పాల్గొనాలి, ఎదురెదురుగా ఉండాలి, చేసే పనికి ఒక ప్రయోజనం ఉండాలి.

ఎదురెదురు సంగతి తేలికే. బెంచీలు నేలకు బిగించి ఉంటే ముందు బెంచీ వాళ్లను వెనక్కి తిరిగి కూర్చోమనండి, చాలు.

తంటా అంతా పని దగ్గరే. "ఓమ్ నియమం గురించి చర్చించండి" అంటే అది పని కాదు, ఒక్క నిమిషంలో కబుర్లలోకి దిగుతారు. "ఈ సర్క్యూట్‌లో బల్బు వెలగట్లేదు. మీటర్ పెట్టకముందే మూడు కారణాలు రాసి, ముందు ఏది చూడాలో తేల్చండి" అనండి. ఇక వాదించుకోక తప్పదు. కెనడాలోని మెక్‌మాస్టర్ వైద్య కళాశాల 1969లో మొదటి బ్యాచ్‌కే ఈ దారి పట్టింది: ముందు రోగి సమస్య, దాని వెంట చదువు.

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చిన పిల్లల్లో కొందరికి ఇంగ్లీషులో నోరు విప్పాలంటే టెన్షన్. మొదటి రెండు నిమిషాలు పక్కవాళ్లతో తెలుగులో మాట్లాడుకోనివ్వండి. కన్నడ పిల్లలు కన్నడలో. "ఓన్లీ ఇంగ్లీష్" అని స్ట్రిక్ట్‌గా ఉంటే వచ్చేది మౌనమే.

ఈ వారం అభ్యాసం: ఒక గ్రూపు చర్చించుకుంటుండగా కాగితం మీద వాళ్లందరి పేర్లూ ఒక వలయంలా రాయండి, మీది కూడా. ఎవరు ఎవరితో మాట్లాడితే వాళ్ల మధ్య ఒక గీత గీయండి. పది నిమిషాలు చాలు. గీతలన్నీ మీ పేరు దగ్గరికే వస్తున్నాయా? మరుసటి క్లాసులో కుర్చీ కాస్త వెనక్కి జరుపుకోండి. ఎవరైనా మీ మొహం చూసి జవాబు చెబుతుంటే తల దించి నోట్స్ రాసుకోండి, వాళ్లే మిగతావాళ్ల వైపు తిరుగుతారు. మళ్లీ గీతలు గీయండి. రెండు కాగితాలూ దాచిపెట్టండి, మూడో పాఠంలో వాటితోనే పని.