రాజకీయ ఫాంటసీ నవలలో రాకుమారి ఎదుగుదల రాయడం ఎలా?

ఒకసారి తెల్లవారకముందే విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి. మరబోట్లు ఒడ్డుకొస్తాయి, చేపలు దిగుతాయి, వేలంపాట మొదలవుతుంది. ధర ఎవరు పలుకుతున్నారో, అది విని ఎవరి ముఖం వాడిపోతోందో కాసేపు నిలబడి చూడండి. మీరు రాయబోయే రాకుమారికి తెలియనిది అదే. కత్తిసాము ఆమె ఏడాదిలో నేర్చుకోగలదు. తన రాజ్యంలో ఎవరి కూడు ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడానికి మాత్రం నవలంతా పడుతుంది.

ముందుగా ఆమె చేసే ఒక తప్పు నిర్ణయం రాసుకోండి. మంచి మనసుతో చేసిన తప్పే అయుండాలి. మీది రేవు రాజ్యం అనుకుందాం. జాలర్ల కష్టం చూడలేక పద్నాలుగేళ్ల పిల్ల రేవు సుంకం ఎత్తేయించింది. ఊరంతా జేజేలు కొట్టింది. తీరం కాపలావాళ్ల జీతాలు ఆ సుంకంలోంచే వస్తున్నాయని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మంత్రి కావాలనే నోరు మెదపలేదు. ఆర్నెల్లకి కాపలా పలచబడింది, ఓడదొంగలు దిగారు, ఆమె ఎవరిని ఆదుకోవాలనుకుందో ఆ జాలరిపేటే తగలబడింది. మంత్రి ఎందుకు ఊరుకున్నాడన్న ప్రశ్నలోంచే మీ నవలకి రాజకీయం పుడుతుంది.

ఈ సరుకు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకు రాజులు లాగేసుకునేవారు. తాను నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ ముట్టనని ఆయన వర్తకులకి మాటిచ్చాడు. ఆ కొద్ది మాటల్లో వర్తకుల భయమూ ఉంది, రాజు లెక్కా ఉంది.

ఇంకా దగ్గర్లో, విశాఖ పక్కనే పద్మనాభం అనే ఊరుంది. కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ (కప్పం) బకాయిల గొడవ ముదిరి, 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి అక్కడే ప్రాణం వదిలాడు. చిన్నవాడైన ఆయన కొడుకు నారాయణబాబు కొండ జమీందార్ల అండకి చేరాడు. తర్వాత కంపెనీతో ఒప్పందం కుదిరి, తగ్గించిన జమీందారీ చేతికొచ్చింది. నాకు ఆ యుద్ధం కన్నా కొండల్లో ఆ పిల్లవాడు గడిపిన రోజులే ఎక్కువగా గుర్తొస్తాయి. ఆ చోట మీ రాకుమారిని పెట్టి చూడండి. ఆశ్రయమిచ్చిన ఇంట్లో ఆమె చుట్టమా, తాకట్టు వస్తువా? అన్నం వడ్డించే చేతులే రేపు బేరానికి దిగితే ఏం చేస్తుంది?

తర్వాతి పని, సుంకం ప్రశ్నని మళ్లీ ఆమె ముందుకి తేవడం. పదిహేడేళ్లప్పుడు వర్తకులు మాఫీ అడుగుతారు. ఈసారి ఆమె వెంటనే జవాబివ్వదు, లెక్కలు రాసే కరణాన్ని పిలిపిస్తుంది. ఇరవైలో మళ్లీ అదే ప్రశ్న. ఇప్పుడు ఎవరు నష్టపోతారో తెలిసే నిర్ణయిస్తుంది, నష్టపోయే ఇంటికి తనే నడిచి వెళ్తుంది. ఆమె మారిందని మీరు ఎక్కడా చెప్పనక్కర్లేదు.

పిలుపుల మీద శ్రద్ధ పెట్టండి. తెలుగులో రాసేవాళ్లకి దక్కిన వరం ఇది. దాది 'నా తల్లే' అంటుంది. సామంతుడు మొదట 'చిన్నపిల్లవమ్మా, నీకెందుకివన్నీ' అంటాడు, భయం పుట్టాక 'ఏలినవారు' అంటాడు. రుద్రమదేవిని శాసనాలు 'రుద్రదేవ మహారాజు' అన్నాయి. అలా పిలిపించుకున్నా ఆమె సామంతుడైన కాయస్థ అంబదేవుడి తిరుగుబాటు తప్పలేదు. మీ రాకుమారి పద్నాలుగేళ్లకి నేర్పించినట్టుగా 'మేము' అంటూ మాట్లాడుతుంది. తగలబడిన పేటలో నిలబడినప్పుడు మొదటిసారి 'నేను చేశాను' అననివ్వండి.

మాయ విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. రాజకీయ చిక్కుని మంత్రంతో విప్పొద్దు. గాలి వాసన బట్టి ఏ ఓడ వస్తోందో ఆమెకి తెలియొచ్చు గానీ, దాన్ని రేవులోకి రానివ్వాలా వద్దా అన్నది ఆమే తేల్చుకోవాలి.

చిత్తుప్రతి పూర్తయ్యాక సభ జరిగే ఘట్టాలు మాత్రం విడిగా తీసి వరసగా చదవండి. ప్రతి సభలోనూ రాకుమారి అడిగే ప్రశ్నల కింద గీత గీయండి. చివరి సభలోని ప్రశ్నలు మొదటి సభలో కూడా అడగగలిగినవే అయితే, మధ్యలో ఆమె ఎవరినో కలవలేదన్నమాట. ఆ మనిషి ఎవరో వెతికి, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి ఒక అధ్యాయం రాయండి.